ఉక్కు లోపలి గరగర

తుప్పు అనగానే ఎవరి కళ్ళ ముందైనా నిలిచేవి వానకు తడిసి ఎర్రబారిన కిటికీ ఊచలు, పొరలు పొరలుగా లేచిన షెడ్డు రేకులు, వేలితో రాస్తే రాలిపడే గోధుమరంగు పొడి. ఆ తుప్పు కంటికి కనబడుతుంది, చేతికి అంటుతుంది. ఎంత తిన్నదో, ఇంకా ఎంత మిగిలిందో చూసి ఒక అంచనాకు రావచ్చు, ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేయవచ్చు, కాదంటే ఊచనే మార్చవచ్చు. ఈ ప్రసంగానికి విషయమైన తుప్పు ఆ జాతిది కాదు. అది లోహపు ఉపరితలాన్ని దాదాపు అంతటినీ ముట్టుకోకుండా వదిలిపెట్టి, ఎక్కడో ఒక్క చుక్క దగ్గర మాత్రం సూదితో పొడిచినట్టు లోపలికి దిగుతుంది. పైనుంచి చూసేవారికి ఉక్కు ఎప్పటిలాగే మెరుస్తూ ఉంటుంది, చిల్లు మాత్రం అవతలి వైపు తేలుతుంది. దీనిని గుంట తుప్పు అంటారు.

వంటింట్లో దీని ఆనవాలు చూడని ఇల్లు అరుదు. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో ఉప్పు కరగకుండా అడుగున నిలిచిన నీళ్ళను ఒకటి రెండు రాత్రులు అలాగే వదిలేసి, తర్వాత కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, అడుగున ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్లటి చుక్కలు కొన్ని కనబడతాయి. ఎంత తోమినా అవి పోవు, ఎందుకంటే అవి మరకలు కావు, గుంటలు. ఊరగాయను స్టీలు డబ్బాలో కాక జాడీలో పెట్టే అలవాటు స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టుక కంటే చాలా పాతదే అయినా, ఉప్పూ పులుపూ కలిసిన చోట స్టీలును నమ్మకపోవడం రసాయన శాస్త్రం దృష్టిలోనూ సరైన పనే.

ఈ తుప్పు ప్రమాదం ఎక్కడుందో తూకం వేసి చూస్తే తెలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల మందమున్న గొట్టం గోడకు ఒక మిల్లీమీటరు వెడల్పున చిల్లు పడిందనుకుంటే, ఆ చిల్లులోంచి మాయమైన ఉక్కు బరువు సుమారు 18 మిల్లీగ్రాములు, అంటే దాదాపు ఒక బియ్యపు గింజంత. గొట్టం బరువు టన్నుల్లో ఉంటుంది. లోహపు ముక్కను కొలత కోసం ద్రవంలో వేలాడదీసి, కొన్ని నెలల తర్వాత తీసి, తగ్గిన బరువును బట్టి తుప్పు వేగాన్ని లెక్కగట్టే పాత పద్ధతి, మామూలు తుప్పు విషయంలో ఎంత నమ్మదగినదో గుంట తుప్పు విషయంలో అంత మోసపూరితమైనది. సగటు అనే మాట ఇక్కడ అర్థం లేనిదవుతుంది, ఎందుకంటే గొట్టాన్ని పగలగొట్టేది సగటు లోతు కాదు, అన్నిటికంటే లోతైన ఒక్క గుంట.

2000 ఆగస్టు 19న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, కార్ల్స్‌బాడ్ పట్టణానికి సమీపంలో, పెకోస్ నది ఒడ్డున భూగర్భ సహజవాయువు గొట్టం ఒకటి బద్దలై, అక్కడ గుడారాలు వేసుకున్న 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ గొట్టం బయటి వైపు చెక్కుచెదరలేదు. లోపల, అడుగు భాగంలో నిలిచిన తేమ, దానిలో కరిగిన క్లోరైడు, కార్బన్ డై ఆక్సైడు వంటివి, వాటికి తోడైన సూక్ష్మజీవులు కలిసి గుంటలను తవ్వి, ఆ గుంటలను ఒకదానితో ఒకటి కలిపేశాయని ప్రభుత్వ దర్యాప్తులో తేలింది. తెలుగు శ్రోతలకు ఇలాంటి విషాదం మరీ దూరపుది కాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో వాయువు గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించిన ఘటనలోనూ, పొడి వాయువు పోవలసిన గొట్టంలో తడి చేరడం, ఆ తడి లోపలి గోడను తినడం ప్రధానంగా చర్చకు వచ్చాయి. రెండు చోట్లా తుప్పు తన పనిని ఎవరికీ కనబడని వైపునుంచి చేసుకుపోయింది. అలా కనబడని దానిని వినడానికి వీలుందా అన్నదే విద్యుద్రసాయన సంకేతాల విశ్లేషణకు మూలమైన ప్రశ్న.

వినడం అంటే ఏమిటో చెప్పడానికి ముందు, ఉక్కు తనను తాను ఎలా కాపాడుకుంటుందో తెలియాలి. 1836లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త షూన్‌బైన్, ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ ఒక వింతను చర్చించారు. ఇనుమును పలుచని నైట్రిక్ ఆమ్లంలో వేస్తే అది పొగలు కక్కుతూ కరిగిపోతుంది. గాఢమైన నైట్రిక్ ఆమ్లంలో వేస్తే మాత్రం ఏమీ జరగనట్టు నిశ్చలంగా ఉండిపోతుంది, ఆ తర్వాత పలుచని ఆమ్లంలోకి మార్చినా కాసేపు అలాగే ఉంటుంది, కానీ గోటితో గీసినంత గీత ఒకటి పడితే చాలు, ఒక్కసారిగా బుసలు కొడుతూ కరగడం మొదలుపెడుతుంది. ఇనుము మీద కంటికి కనబడని పలుచని పొర ఏదో ఏర్పడి దానిని కప్పి ఉంచుతున్నదని ఫారడే ఊహించారు. ఈ స్థితిని నిష్క్రియత అనీ, ఆ పొరను నిష్క్రియ పొర అనీ ఈనాడు అంటున్నారు. 1913లో షెఫీల్డులో తుపాకీ గొట్టాలు త్వరగా అరగని ఉక్కు కోసం వెతుకుతున్న హ్యారీ బ్రియర్లీ చేతికి దొరికిన క్రోమియం ఉక్కు ప్రత్యేకత కూడా ఇదే. ఉక్కులో క్రోమియం పది, పదకొండు శాతం దాటితే, గాలీ నీరూ తగలగానే క్రోమియం ఆక్సైడు పొర దానంతట అదే ఏర్పడుతుంది, గీత పడితే దానంతట అదే మానుతుంది. ఆ పొర మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో ఇరవై వేలో వంతుకు అటూ ఇటూ. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రతిష్ఠ అంతా ఆ కాస్త మందం మీదే నిలబడి ఉంది.

ఆ పొరకు శత్రువు క్లోరైడు అయాను, అంటే ఉప్పు నీటిలో కరిగినప్పుడు విడివడే క్లోరిన్ తాలూకు రుణావేశ కణం. అయితే అది పొరను అంతటా సమానంగా దెబ్బతీయదు. ఉక్కు తయారీలో ఎంత శుద్ధి చేసినా కొంత గంధకం మిగులుతుంది. అది మాంగనీసుతో కలిసి మాంగనీస్ సల్ఫైడు అనే మలినంగా, మైక్రోమీటర్ల పరిమాణంలో, అక్కడక్కడ చుక్కలుగా ఉండిపోతుంది. ఆ చుక్క చుట్టూ పొర బలహీనంగా ఉంటుంది, చుక్క కరిగితే చిన్న గొయ్యి మిగులుతుంది, క్లోరైడు అక్కడ పాగా వేస్తుంది. ఇక ఆ గొయ్యిలో జరిగేది తనకు తానే ఆజ్యం పోసుకునే మంట వంటిది. కరిగిన ఇనుము, క్రోమియం అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. గొయ్యిలో పోగైన ధనావేశాన్ని సరితూచడానికి బయటి క్లోరైడు మరింతగా లోపలికి వస్తుంది. ఆమ్లమూ క్లోరైడూ పెరిగిన కొద్దీ లోహం మరింత వేగంగా కరుగుతుంది. బయటి నీరు ఏ ఆమ్లగుణమూ లేని మంచినీరులా తటస్థంగా ఉన్నా, గుంట లోపల నిమ్మరసం కంటే ఘాటైన ఆమ్లం తయారవుతుంది. కరిగిన లోహం వదిలివెళ్ళిన ఎలక్ట్రాన్లను గుంట చుట్టూ ఉన్న విశాలమైన మెరిసే ఉపరితలం మీద ఆక్సిజన్ అందుకుంటూ ఉంటుంది. ఖర్చు పెట్టే చోటు సూదిమొన, ఆ ఖర్చును భరించే చోటు మైదానమంత. గుంట తుప్పు వేగం వెనుక ఉన్న రహస్యం ఈ అసమానతే.

అయితే పుట్టిన గుంటలన్నీ బతకవు. నిజానికి చాలా గుంటలు కొన్ని సెకన్లు పెరిగి, తమంతట తామే ఆగిపోతాయి. కేంబ్రిడ్జిలో పిస్టోరియస్, బర్‌స్టీన్ 1990ల తొలినాళ్ళలో జరిపిన పరిశోధనలు ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చూపాయి. పసిగుంట నోటి మీద, పాత నిష్క్రియ పొర ముక్కలతో ఏర్పడిన చిల్లుల మూత ఒకటి ఉంటుంది. లోపలి ఘాటైన ద్రావణం బయటి నీటితో కలిసిపోకుండా ఆ మూతే అడ్డు నిలుస్తుంది. మూత చిరిగిపోయే వేళకు గుంట తగినంత లోతుగా తవ్వబడి ఉంటే, ఆ లోతే అడ్డుగా పనిచేసి ఆమ్లాన్ని లోపల నిలబెడుతుంది, గుంట బతికి స్థిరపడుతుంది. అంత లోతు లేకపోతే ద్రావణం పలుచబడి, క్రోమియం మళ్ళీ పొర కట్టి, గుంట చచ్చిపోతుంది. అలా పుట్టి చచ్చే గుంటలను అర్ధస్థిర గుంటలు అంటారు. ఉక్కులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపిన 316 రకం స్టీలు, మాలిబ్డినం లేని 304 రకం కంటే సముద్రతీరంలో ఎక్కువ కాలం నిలవడానికి కారణాల్లో ఇలాంటి పసిగుంటలు నిలదొక్కుకోలేకపోవడం ఒకటి.

ఈ పుట్టుక, చావు రెండూ విద్యుత్తు భాషలో నమోదవుతాయి. ఇనుప పరమాణువు ఒకటి అయానుగా మారి నీటిలోకి వెళ్ళినప్పుడల్లా రెండు ఎలక్ట్రాన్లు లోహంలో మిగిలిపోతాయి. గుంట పెరుగుతున్న కొన్ని సెకన్లలో అలాంటివి లెక్కకు మిక్కిలిగా లోహంలో చేరి దానిని మరింత రుణావేశం వైపు నెడతాయి. నీటిలో మునిగిన లోహానికి, స్థిరమైన మరొక ఎలక్ట్రోడుకూ మధ్య ఉండే విద్యుత్ తేడాను పొటెన్షియల్ అంటారు కదా; గుంట పుట్టగానే ఆ పొటెన్షియల్ చప్పున కిందికి జారుతుంది, గుంట చచ్చాక ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా వాడుకుంటూ పోవడం వల్ల మళ్ళీ నెమ్మదిగా మామూలు స్థాయికి చేరుతుంది. చప్పున పడడం, తీరికగా లేవడం: ఇది గుంట సంతకం. ఎవరూ బయటినుంచి విద్యుత్తు ఇవ్వకపోయినా తుప్పుపట్టే లోహం తనంతట తాను చేసే ఈ చిన్న చిన్న ఒడుదొడుకులనే విద్యుద్రసాయన రొద అంటారు.

రొద అన్న మాటను ఇక్కడ నిందగా తీసుకోకూడదు. రేడియోలో స్టేషను సరిగ్గా కుదరనప్పుడు వినబడే గరగరను వదిలించుకోవడానికి ఇంజనీర్లు ఒక శతాబ్దంగా శ్రమిస్తూనే ఉన్నారు. 1918లో భౌతిక శాస్త్రవేత్త షాట్‌కీ, 1928లో అమెరికాలో జాన్‌సన్, నైక్విస్ట్ ఆ గరగర ఎక్కడినుంచి పుడుతుందో సిద్ధాంతీకరించింది కూడా చాలావరకు దానిని తట్టుకునే దారి కోసమే. తుప్పు శాస్త్రంలోనూ చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది. మీటరు ముల్లు వణికితే తీగ వదులుగా ఉందని తిట్టుకుని, సగటు విలువను రాసుకుని, వణుకును వదిలేసేవారు. ఆ వణుకులోనే సమాచారం ఉండవచ్చునని అమెరికాలో వారెన్ ఐవర్సన్ 1968లో ప్రచురించిన పత్రం చూపింది. 1980ల తొలి సంవత్సరాల్లో మాంచెస్టరులో హ్లాడ్కీ, డాసన్ దానిని గుంట తుప్పును కనిపెట్టే పద్ధతిగా మలిచారు.

కొలిచే ఏర్పాటు చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. ఒకే ఉక్కు కడ్డీ నుంచి కోసిన రెండు ఒకే రకం ముక్కలు, వాటి పక్కన పొటెన్షియల్‌కు ఆధారంగా నిలిచే మూడో ఎలక్ట్రోడు, మూడూ ఒకే ద్రవంలో మునిగి ఉంటాయి. రెండు ఉక్కు ముక్కలనూ శూన్యనిరోధ అమ్మీటరు అనే పరికరం కలుపుతుంది. అది రెండింటినీ ఒకే పొటెన్షియల్ వద్ద నిలిపి, తన వంతు అడ్డు ఏమీ లేకుండా, వాటి మధ్య పారే కరెంటును మాత్రం కొలుస్తుంది. ఒక ముక్క మీద గుంట పుడితే కరెంటు ఒక వైపు, రెండో దాని మీద పుడితే ఎదురు వైపు పారుతుంది కనుక, గుంట ఎవరిదో గుర్తు చూసి చెప్పవచ్చు; రెండింటి మీదా సరిగ్గా ఒకేసారి పుడితే అవి ఒకదానినొకటి చెరిపేసుకునే ప్రమాదమూ లేకపోలేదు. బయటినుంచి విద్యుత్తు నెట్టి లోహం ఎప్పుడు లొంగిపోతుందో చూసే ఇతర పరీక్షలు లోహాన్ని మార్చివేస్తాయి, కొన్నిసార్లు గుంటలను తామే పుట్టిస్తాయి. రొదను వినే పద్ధతి అలా కాక, రోగిని కదల్చకుండా నాడి పట్టుకోవడం వంటిది, దాని ఆకర్షణ అంతా అందులోనే ఉంది.

ఆ నాడి ఎంత సన్ననిదో ఒక లెక్కతో చూడవచ్చు. ఒక మైక్రోమీటరు వ్యాసార్ధమున్న అర్ధగోళాకారపు పసిగుంటను తీసుకుంటే, దానిలోంచి పోయిన ఇనుమును బట్టి, ఫారడే నియమం ప్రకారం, విడుదలైన విద్యుదావేశం సుమారు 57 నానోకూలుంబులు. గుంట ఐదు సెకన్లు బతికిందనుకుంటే సగటు కరెంటు 11 నానోఆంపియర్లు. ఇంట్లో వెలిగే చిన్న బల్బులో పారే కరెంటు దీనికి కొన్ని లక్షల రెట్లకు మించి ఉంటుంది. లోహానికీ నీటికీ మధ్య సరిహద్దు ఒక కెపాసిటరులా, అంటే ఆవేశాన్ని నిలవచేసే పాత్రలా పనిచేస్తుంది. ఉక్కు ముక్కల మొత్తం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, దాని నిలవ సామర్థ్యం 20 మైక్రోఫారడ్‌లు అయితే, ఆ గుంట వల్ల పొటెన్షియల్ దాదాపు మూడు మిల్లీవోల్టులు పడుతుంది. అదే గుంట వంద చదరపు సెంటీమీటర్ల ముక్క మీద పుడితే ఆ మూడు మిల్లీవోల్టులు ఒక మిల్లీవోల్టులో నూరింట మూడు వంతులకు చిక్కిపోయి, పరికరం సొంత గరగరలో కలిసిపోతుంది. అందుకే వినే ముక్క చిన్నదై ఉండాలి. చిన్నదైతే గుంట దాని మీద పుట్టే అవకాశం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడంలోనే ప్రయోగం చేసేవారి నేర్పు తెలిసిపోతుంది.

ఉదాహరణకు ఉప్పు నీటిలో ఉంచిన 304 స్టీలు ముక్కల మీద సెకనుకు రెండు కొలతల చొప్పున 1024 కొలతలు తీస్తే, ఎనిమిదిన్నర నిమిషాలకు కాస్త ఎక్కువ రికార్డు వస్తుంది. అందులో మొదటి ఐదు నిమిషాలు పొటెన్షియల్ గీత చెరువు నీటిలా ఉంటుంది. ఆరో నిమిషంలో కరెంటు కొద్దికొద్దిగా పైకి ఎక్కి, ఉన్నట్టుండి తెగినట్టు పడిపోతుంది. మూత చిరిగి గుంట చచ్చిన క్షణం అది. కరెంటు ఎక్కుతున్నప్పుడు కిందికి జారిన పొటెన్షియల్, గుంట చచ్చాక అర నిమిషం పాటు మెల్లగా పైకి పాకుతుంది. అలాంటివి మరో రెండు వస్తాయి. ఎనిమిదో నిమిషంలో నాలుగోది మొదలై, కరెంటు ఎక్కుతుంది గానీ పడదు. రికార్డు అయిపోయేదాకా పొటెన్షియల్ మళ్ళీ పైకి రాదు. మొదటి మూడూ చచ్చిన గుంటలు, నాలుగోది బతికినది. కరెంటు గీత కింది వైశాల్యాన్ని కూడితే ఆవేశం, ఆవేశాన్ని బట్టి కరిగిన లోహం, దాన్ని బట్టి గుంట పరిమాణం దొరుకుతాయి; సూక్ష్మదర్శిని కింద పెట్టకుండానే గుంటను తూచవచ్చునన్న మాట.

ఇంత స్పష్టమైన రికార్డు ప్రయోగశాలలో తప్ప దొరకదు. మామూలు రికార్డులో గుంటలు ఒకదానిపై ఒకటి పడి, మామూలు తుప్పు వణుకు వాటితో కలిసి, చూపుకు అందని గజిబిజిగా ఉంటుంది. అప్పుడు లెక్కల సాయం కావాలి. అందరూ మొదట వాడేది ప్రామాణిక విచలనం, అంటే కొలతలు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య. పొటెన్షియల్ విచలనాన్ని కరెంటు విచలనంతో భాగిస్తే వచ్చేదానికి రొద నిరోధం అని పేరు. అది ఎక్కువగా ఉంటే తుప్పు నెమ్మదిగా, తక్కువగా ఉంటే వేగంగా ఉన్నట్టు. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 304 స్టీలు నైట్రిక్ ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటుందో చూడడానికి ఈ రొద నిరోధాన్నే వాడారు. వాడిన అణు ఇంధనాన్ని కరిగించి శుద్ధి చేసే కర్మాగారాల్లో గొట్టాలూ ట్యాంకులూ ఆ ఆమ్లంలోనే కాలం గడపవలసి ఉంటుంది కనుక ఆ ప్రశ్న వారికి నిత్యావసరం.

కానీ తుప్పు వేగం చెప్పే సంఖ్య తుప్పు రకం చెప్పదు. రకం చెప్పడానికి స్థానిక సూచిక అనే మరొక సంఖ్యను తెచ్చారు. కరెంటు విచలనాన్ని దాని వర్గమధ్యమూలంతో భాగిస్తే వచ్చే ఈ సంఖ్య ఒకటికి దగ్గరైతే గుంట తుప్పు, సున్నాకు దగ్గరైతే మామూలు తుప్పు అని చాలా పత్రాలు ఇప్పటికీ రాస్తున్నాయి. ఈ సూచికకు దక్కిన గౌరవం దానికి తగినది కాదు. రెండు ఉక్కు ముక్కలూ నిజంగా ఒకే రకమైతే వాటి మధ్య సగటు కరెంటు సున్నా కావలసిందే, అప్పుడు గుంటలు ఉన్నా లేకపోయినా సూచిక ఒకటే చూపిస్తుంది. అంటే అది కొలుస్తున్నది గుంటలను కాదు, రెండు ముక్కల మధ్య పోలికను. మాంచెస్టరుకే చెందిన రాబర్ట్ కాటిస్ 2001లో ఈ రంగమంతటినీ సమీక్షిస్తూ ఇలాంటి లోపాలను నిర్మొహమాటంగా ఎత్తిచూపినా, సులభంగా లెక్కకట్టగల సంఖ్యకు ఉండే ఆదరణ అంత తేలికగా పోయేది కాదు.

అంతకంటే ఆలోచన ఉన్న మార్గం, ఆవేశం విడివిడి పొట్లాలుగా పారడం వల్ల రొద పుడుతుందన్న షాట్‌కీ సిద్ధాంతం నుంచి వచ్చింది. రేకుల ఇంటి మీద సన్నజల్లు కురిసినా, నాలుగు వడగళ్ళు పడినా గంటలో పడిన నీరు ఒకటే కావచ్చు, కానీ లోపల కూర్చున్నవారి చెవికి ఆ రెండూ ఒకటి కావు. తుప్పు కూడా అంతే. మామూలు తుప్పులో చిన్న చిన్న ఆవేశపు పొట్లాలు లెక్కలేనన్ని పడతాయి. గుంట తుప్పులో పెద్ద పొట్లాలు అరుదుగా పడతాయి. పొటెన్షియల్, కరెంటు రెండింటి రొదనూ కలిపి లెక్కిస్తే ఒక్కో పొట్లంలో సగటున ఎంత ఆవేశం ఉందో, సెకనుకు ఎన్ని పొట్లాలు పడుతున్నాయో విడివిడిగా అంచనా కట్టవచ్చు. ఆవేశం పెద్దదై, సంఖ్య చిన్నదైతే అది గుంటల జాడ. ఈ రెండు సంఖ్యలను ఒక కాగితం మీద బిందువులుగా గుర్తిస్తే, వేర్వేరు రకాల తుప్పు వేర్వేరు మూలల్లో గుమికూడడం ఎందరో చూపించారు.

సంకేతాన్ని పౌనఃపున్యాలుగా, అంటే సెకనుకు ఎన్ని ఊపులన్న లెక్క ప్రకారం విడదీసే ఫూరియే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అయితే కచేరీ రికార్డులో ఏయే స్వరాలు ఎంత బలంగా పలికాయో చెప్పి, అవి ఎప్పుడు పలికాయో చెప్పకపోతే రాగం తెలియనట్టే, ఫూరియే వర్ణపటం గుంట పుట్టిన క్షణాన్ని రికార్డంతటా పులిమివేస్తుంది. ఈ కొరతను తీర్చింది తరంగికల పద్ధతి. ఫ్రాన్సులో చమురు కోసం భూమి లోపలి ప్రతిధ్వనులను విశ్లేషించే జాన్ మోర్లే 1980ల తొలి సంవత్సరాల్లో దీనికి బాట వేశారు. పొట్టివీ పొడుగువీ అయిన చిన్న అలలను రికార్డు మీద జరుపుతూ పోలిక చూడడం వల్ల, ఏ వేగపు కదలిక ఏ నిమిషాన వచ్చిందో రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఈ మధ్య కంప్యూటరుకు వేల రికార్డులు చూపించి, దేని తుప్పు ఏ రకమో అదే చెప్పేలా నేర్పడం ఎక్కువైంది. ఆ ప్రయత్నాల్లో జాగ్రత్తగా చూడవలసినది ఒక్కటే: యంత్రానికి పాఠం చెప్పేటప్పుడు ఇది గుంట తుప్పు రికార్డు అన్న చీటీ అతికించినవారు లోహాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి అతికించారా, లేక ద్రావణంలో ఉప్పు వేశాం కనుక గుంటలు పడే ఉంటాయని అతికించారా. రెండో రకం చీటీలతో నేర్చిన యంత్రం గుర్తుపట్టేది ఉప్పు నీటిని మాత్రమే.

ఇవన్నీ ఇలా ఉండగా, కొలతలోనే దొర్లే పొరపాట్లు మరికొన్ని ఉన్నాయి. గోడలోని కరెంటు తీగల నుంచి సెకనుకు 50 సార్ల హోరు చొరబడుతుంది. దానిని వడగట్టకుండా సెకనుకు రెండు కొలతలే తీస్తే, ఆ హోరు నెమ్మదైన అలగా వేషం మార్చుకుని గుంటలా కనబడుతుంది. నీటి బుడగ ఒకటి ఉక్కు ముక్కకు అంటుకుని, పెరిగి, ఊడిపోయినా గుంటను పోలిన గీతే వస్తుంది. గంటల తరబడి పొటెన్షియల్ నెమ్మదిగా ఒక వైపు జరగడాన్ని సరిచేసేటప్పుడు, చేయి కాస్త ఎక్కువైతే దీర్ఘకాలం బతికిన గుంట కూడా ఆ సవరణలో కొట్టుకుపోతుంది. ఉక్కు ముక్కల స్థానంలో తెలిసిన నిరోధకాలను కలిపి పరికరం సొంత రొదను ముందు కొలవాలని ఈ రంగంలో అనుభవం ఉన్నవారు పట్టుబట్టేది ఊరికే కాదు. ఏఎస్‌టీఎం జీ199 అనే మార్గదర్శక ప్రమాణం ఇలాంటి జాగ్రత్తల కోసమే వచ్చింది.

ప్రయోగశాల దాటి ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించిన చోట్లలో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని హ్యాన్‌ఫర్డ్ ముఖ్యమైనది. అణుబాంబుల కోసం ప్లుటోనియం తీయగా మిగిలిన వ్యర్థ ద్రవాలు అక్కడ 177 భూగర్భ ట్యాంకుల్లో ఉన్నాయి. వాటిలో 28 రెండు గోడలున్నవి, మామూలు కార్బన్ ఉక్కుతో చేసినవి. లోపలి ద్రవాల్లోని నైట్రేటు ఉక్కును తినకుండా నైట్రైటునూ క్షారాన్నీ తగు పాళ్ళలో ఉంచుతారు. ఆ పాళ్ళు తప్పితే ముందుగా తెలియాలన్న ఉద్దేశంతో 1996 నుంచి కొన్ని ట్యాంకుల్లోకి రొదను వినే ఉక్కు ముక్కలను పొడవాటి కడ్డీలకు అమర్చి దించారు. 2012లో ఆ 28లో ఒకదాని లోపలి గోడ కారుతున్నట్టు బయటపడింది; అది బయటపడినది రొద వల్ల కాదు, రెండు గోడల మధ్య ఖాళీలోకి దించిన కెమెరా వల్ల. దీనిని ఈ పద్ధతి వైఫల్యంగా చెప్పుకోవడం సబబు కాదు గానీ, దాని హద్దును మాత్రం ఇది గుర్తుచేస్తుంది. ద్రవంలో వేలాడే ముక్క వినిపించేది తన మీద పుట్టే గుంటలనే. కింద ట్యాంకు అడుగున, బురద పేరుకున్న చోట, అతుకుల పక్కన పుట్టే గుంటలు దానికి వినబడవు. ముక్క చెప్పగలిగేది, ఈ ద్రవం ఈ ఉక్కును గుంటలు పెట్టే స్థితిలో ఉందా లేదా అన్నంత మేరకే.

ఆ చిన్న ముక్క నుంచి పెద్ద ట్యాంకు దాకా వెళ్ళడానికి మరో లెక్క అవసరమవుతుంది, అది తెలుగు నేల ఇంజనీర్లకు బాగా పరిచితమైనదే. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరిన గోదావరి వరద వంటిది ఎన్నేళ్ళకు ఒకసారి రావచ్చో అంచనా వేయడానికి, ఏటేటా వచ్చిన అత్యధిక నీటిమట్టాలను మాత్రమే తీసుకుని, గుంబెల్ పేరుతో ప్రసిద్ధమైన విపరీత విలువల గణితాన్ని వాడతారు. 1956లోనే అజీజ్ అనే పరిశోధకుడు అల్యూమినియం ముక్కల మీది గుంటలకు ఇదే గణితాన్ని అన్వయించారు: ఒక్కో ముక్క మీద అన్నిటికంటే లోతైన గుంటను మాత్రమే కొలిచి, ఆ లోతులను వరుసలో పేర్చి, గుంబెల్ కాగితం మీద గీస్తే అవి దాదాపు సరళరేఖలో నిలుస్తాయి, ఆ గీతను పొడిగిస్తే వెయ్యి రెట్లు పెద్ద ఉపరితలం మీద ఎంత లోతు గుంట ఉండవచ్చో తెలుస్తుంది. వరద ఎంత ఎత్తు వస్తుందో గుంబెల్ లెక్క చెబుతుంది గానీ ఎప్పుడు వస్తుందో చెప్పదు. గుంటల విషయంలో ఆ ఎప్పుడును అందించగలది రొద మాత్రమే.

అందువల్ల ఈ పనిలో ఆరితేరిన ప్రయోగశాలల్లో రికార్డు ముగియగానే తెర మీది గీతలతో తృప్తిపడరు. ఉక్కు ముక్కను తీసి, స్వేదనజలంతో కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక మూలనుంచి మరో మూలకు వరుసగా జరుపుతూ చూస్తారు. పైన చెప్పుకున్న ఉదాహరణలోని రికార్డు నిజమైతే, ఆ ముక్కల మీద మూడు చిన్న గుంటలు, మూతలు చిరిగి, అడుగు మెరుస్తూ కనబడాలి. నాలుగోది వేరుగా ఉండాలి: నోరు ఇరుకు, లోపల వెడల్పు, చుట్టూ తుప్పు రంగు వలయం. ఎనిమిదో నిమిషంలో ఎక్కిన కరెంటును కూడితే వచ్చిన పరిమాణమూ, సూక్ష్మదర్శిని కింద కొలిచిన లోతూ ఒకదానికొకటి సరిపోయాయా లేదా అన్నది చూసిన తర్వాతే ఆ రికార్డు మీద తేదీ వేసి సంతకం చేస్తారు.